ఆటనియమాల అటవీయోధుడు – తెలుగు సాహిత్యంలో బోయ విలుకాడు: ఒక పరిశీలన

చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం చెరువు నుంచి పెనుకొండ దుర్గం దాకా ఉన్నది కొండలు, గుండ్రాళ్లు, ముళ్లపొదలు కలిసిన సీమ. 1565 నాటి రక్కసి-తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఈ పెనుకొండకే తరలివచ్చింది. ఇటువంటి నేల మీద బరువైన కవచం తొడిగిన రౌతు కన్నా, దారి ఎరిగి తేలికగా కదిలే విలుకాడే ఎక్కువ అక్కరకు వస్తాడు. తెలుగు కావ్యాలూ శాసనాలూ అతణ్ని బోయ, ఎఱుకు, చెంచు అనే పేర్లతో స్మరించాయి. అతని యుద్ధకౌశలాన్ని ఏ దృష్టితో చూశాయన్నది ఇక్కడి ప్రశ్న. దానికి జవాబు వెతకడంలో, దూరపు పోలికే అయినా, పాశ్చాత్య పాత్రధారణ క్రీడల నియమగ్రంథాలు ఉపకరిస్తాయి.

ఈ క్రీడలో ప్రతి ఆటగాడూ ఒక కల్పిత పాత్రను ధరిస్తాడు. ఆ పాత్ర చేయగలిగినదీ చేయలేనిదీ నియమాలు చెబుతాయి. జయాపజయాలను పాచికలు తేలుస్తాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ దీనికి మూలం. మరుసటి ఏడే జో ఫిషర్ అనే రచయిత ‘రేంజర్’ అనే అటవీయోధుని వర్గాన్ని అందులో చేర్చాడు. టోల్కీన్ నవలలోని ఆరగార్న్ ఛాయ ఆ పాత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 1978 నియమగ్రంథం అతనికి జాడ తీసే విద్యనూ, రాక్షసాకారుల మీద అదనపు దెబ్బ బలాన్నీ ఇచ్చింది. 2003లో సవరించిన నియమాలలో రేంజర్ రెండో స్థాయికి చేరగానే విలువిద్య, జంట ఆయుధాల పోరు అనే రెండు మార్గాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్న మార్గంలోనే ఆరో స్థాయిలో ఒకటి, పదకొండో స్థాయిలో మరొకటి మెరుగైన నైపుణ్యాలు దక్కుతాయి. తేలిక కవచం ధరించినప్పుడో, కవచమే లేనప్పుడో తప్ప అవి పనిచేయవు.

ఈ చివరి నియమం బోయ విలుకానికి అతికినట్టు సరిపోతుంది. పోలిక అంతటితో ఆగిపోతుంది. స్థాయితో పాటు సంక్రమించిన నైపుణ్యాన్ని గురువు గానీ రాజు గానీ తిరిగి అడిగే నియమం ఆటలో లేదు. భారతకథలో ఉన్నది సరిగ్గా అదే. మొరిగే కుక్క నోట ఏకలవ్యుడు ఏడు బాణాలు నాటడం అటవీయోధుని కౌశలానికి పరాకాష్ఠ. ఆ కౌశలం బయటపడిన క్షణమే దానికి ముప్పు వచ్చింది. ద్రోణుడు బొటనవేలు కోరింది ఏకలవ్యుడు గురి తప్పినందుకు కాదు, గురి తప్పనందుకు.

ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోని తిన్నని కథ దీనికి మరో ముఖం. బోయదొర కొడుకైన తిన్నడు వేటలో నేర్పరి. కుక్కలు, వలలు, తరిమివేతలతో సాగే వేటను ధూర్జటి చూసి చెప్పినట్టే చెబుతాడు. ప్రబంధ కవులలో ఈ విషయంలో ఆయనకు దీటైనవారు తక్కువ. అయితే కథ పండేది వేటలో కాదు. లింగం కంట నెత్తురు కారినప్పుడు తిన్నడు తన కన్నే పెకలించి అమర్చాడు. ఇన్నాళ్లూ మృగం మీద నిలిచిన గురి ఇక్కడ తన మీదికి తిరిగింది. ఏకలవ్యుణ్ని లోకం కుదించింది. తిన్నణ్ని దైవం కన్నప్పను చేసింది. రెండింటా యోధుడు ఒక అవయవం ఇచ్చుకోక తప్పలేదు.

కవి కాక రాజు మాట్లాడినప్పుడు స్వరం మారుతుంది. అద్దంకి శాసనంలోనే, అంటే క్రీ.శ. 848 ప్రాంతంలోనే, గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను పట్టుకున్నట్టు ఉంది. అక్కడ బోయ శత్రువు. ఆరు శతాబ్దాలు దాటాక శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో, యామునాచార్యుడు కొడుక్కి చెప్పే రాజనీతిలో, ఇదే ప్రశ్నను తడిమాడు. అడవిజనాన్ని పూర్తిగా చక్కదిద్దబోవడం మట్టిగోడను కడగడం వంటిదని ఆయన పోలిక. కోపగించి లాభం లేదు. మాట తప్పక, ఆదరించి దగ్గర చేసుకుంటే పరరాజ్యాల మీద దండెత్తడానికీ కొల్లగొట్టడానికీ పనికివస్తారన్నది ఉపదేశ సారాంశం. ఇందులో మన్నన ఉంది, లెక్కా ఉంది. లెక్కే ఎక్కువ. ఆటలో రేంజర్ తన ‘ఇష్టశత్రువు’ను తానే ఎంచుకుంటాడు. ఆ శత్రువు మీద అతని దెబ్బకు బలం, జాడ తీయడంలో వాడి పెరుగుతాయి. రాయల నీతిలో విలుకాని శత్రువును నిర్ణయించేది సింహాసనం. యోధునికి మిగిలేది తన నైపుణ్యానికి తగిన బాకీ అడగడం. మాట తప్పవద్దన్న రాయల హెచ్చరిక ఆ బాకీని గుర్తించడమే.

విజయనగరం పోయాక ఈ బాకీ పాళెగాళ్ల చేతికి వచ్చింది. కావలికీ పోరుకూ బదులుగా భూమి అనుభవించే కట్టుబడి బంట్లు రాయలసీమ అంతటా ఉండేవారు. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్లను అణచి, వారి సాయుధ బలాలను రద్దు చేశాడు. అప్పటికి అవసరమైన విద్య అప్పటితో అనవసరమైంది. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రచురించిన కులాల గ్రంథంలో ఊరుబోయలు, మ్యాసబోయలు అనే విభాగాలతో పాటు, ఒకప్పుడు వారు పాళెగాళ్ల సేనల్లో, హైదరలీ సైన్యంలో పోరాడారన్న ప్రస్తావన కూడా ఉంది. యోధులు అప్పటికే గతకాలపు క్రియాపదాల్లో చేరిపోయారు.

విల్లు మాత్రం ఒకచోట ఇంకా వర్తమానంలోనే ఉంది. కనుమనాడు అహోబిలంలో మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి వేటగాడై పల్లకిలో ఊళ్లు తిరుగుతాడు. చెంచులు ఆ పల్లకి మీదికి బాణాలు వేసి మొక్కుతారు.