మూడు పేర్ల వాల్వు

పెదపాడులో మా ఇంటి అటక మీంచి తాతయ్య మైకు సెట్టు దించితే, అమ్మ "పాతసామానువాడికి వేసెయ్యరా" అంది. పెళ్ళిళ్ళకీ శ్రీరామనవమి పందిళ్ళకీ గొట్టం మైకుల్ని మోగించిన ఆంప్లిఫయర్ అది. మూత విప్పాను. రెండు అవుట్‌పుట్ వాల్వులు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. గాజు మీద సగం చెరిగిన అక్షరాలు: బీఈఎల్, ఈఎల్84.

భారత్ ఎలక్ట్రానిక్స్ 1954లో బెంగళూరులో పుట్టింది సైన్యం అవసరాల కోసం. అదే సంస్థ తర్వాత రేడియో వాల్వులూ చేసింది. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలయ్యాక మన ఊళ్ళలో వినబడిన గొంతుల వెనక ఇలాంటి గాజు బుడ్లే వెలిగేవి.

జత కోసం వెతకడం మొదలుపెట్టాక, పేరే ఒక చరిత్ర అని తెలిసింది. ఈఎల్84 యూరప్ పేరు: 'ఈ' అంటే ఫిలమెంటుకి 6.3 వోల్టులు, 'ఎల్' అంటే అవుట్‌పుట్ పెంటోడ్. అదే వాల్వు అమెరికాలో 6బీక్యూ5. సోవియట్ యూనియన్‌లో దాదాపు అలాంటిదే 6పీ14పీ. మన దేశంలో తయారైనదాని మీద యూరప్ పేరే ఉంది. స్వదేశీ అన్నదాని అర్థం ఆ గాజు మీద కొంచెం తికమకగానే కనిపించింది నాకు.

కొత్త వాల్వులు రష్యాలో, స్లొవేకియాలో ఇప్పటికీ చేస్తున్నారు. కండెన్సర్లతోనే చిన్న చిక్కు. పాతవి 8, 16, 32 మైక్రోఫారడ్లు; ఇప్పుడు దొరికేవి 10, 22, 33. ఈ తేడా పర్వాలేదు. అలాగని పెద్దదైతే మంచిదే కదా అని ఎంతంటే అంత పెట్టేస్తే రెక్టిఫయర్ వాల్వు తట్టుకోదు.

కొత్త జత తెప్పించి, పెట్టేసి ఆన్ చేద్దామనుకున్నా. ఏలూరులో ఒక పెద్దాయన ఆపారు. "వాల్వు తర్వాతండీ బాబూ. ముందు దాని గ్రిడ్డుకి వెళ్ళే కండెన్సరు చూడండి." మీటరు పెడితే నిజమే, కారుతోంది. దానివల్ల గ్రిడ్డు మీదికి వోల్టేజీ వచ్చి, ప్లేటు ఎర్రగా కాగి వాల్వు పోతుంది. దాంతోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరూ పోవచ్చు. అది అంగట్లో దొరికే వస్తువు కాదు, మళ్ళీ చుట్టించుకోవాల్సిందే. ఆ ఖాళీ సాకెట్టుకి కారణం కూడా బహుశా అదే అన్నారు.

లోపల రెండు రంగుల టంకం కనిపించింది. అంటే ఎవరో ముందే బాగుచేశారు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు? ఒక్క ముక్క రాసిలేదు. మన ఊళ్ళ సాంకేతిక చరిత్ర చాలావరకు ఇలాగే ఉంది: పని మిగిలింది, చేసినవాళ్ళ పేరు పోయింది.

బీఈఎల్ వాల్వుని పెద్దాయన టెస్టరులో పెట్టి చూశారు. ఇంకా బాగానే ఉంది. కానీ ఈ సర్క్యూట్లో రెండూ ఒకేలా పనిచెయ్యాలి, దీనికి జత లేదు. కొత్త జతే పెట్టాం. పాతదాన్ని దూదిలో చుట్టి పెట్టెలోనే ఒక మూల ఉంచాను. పక్కన ఒక కాగితం: మార్చిన కండెన్సర్ల విలువలు, తేదీ, పెద్దాయన పేరు. మళ్ళీ ఎవరో ఒకరు మూత విప్పుతారు కదా.