కన్యాశుల్కం: హాస్యం వెనుక చరిత్ర, చట్టం

ఉపోద్ఘాతం

గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. 1897లో మొదటి ముద్రణ, 1909లో సమూలంగా తిరగరాసిన రెండవ ముద్రణ వెలువడ్డాయి. ఈ నాటకాన్ని ఒక దురాచార ఖండనగా మాత్రమే చదివితే, ఆ ఆచారంతోపాటే నాటక ప్రాసంగికత కూడా ముగిసిందనవలసి వస్తుంది. నాటకంలోని చారిత్రక, సాంస్కృతిక ప్రస్తావనలు అంతకంటె విస్తృతమైన విషయాన్ని సూచిస్తాయి. అన్యాయాన్ని చూడవలసిన వ్యవస్థలు దేనిని చూస్తాయి, దేనిని చూడవు అన్నదే ఆ విషయం.

శాస్త్రం, గణాంకాలు

మొదటి ముద్రణకు రాసిన ఆంగ్ల పీఠికలో గురజాడ ఒక జాబితాను ప్రస్తావించారు. ఆనందగజపతి మహారాజు ఆదేశంపై విశాఖపట్నం మండలంలోని బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలను అందులో నమోదు చేశారు. మొత్తం 1034, ఏటా సగటున 344. వధువుల్లో 99 మంది అయిదేళ్లవారు, 44 మంది నాలుగేళ్లవారు, 36 మంది మూడేళ్లవారు, ఆరుగురు రెండేళ్లవారు, ముగ్గురు ఏడాదివారు. ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు.

ఈ ఆచారానికి శాస్త్రసమ్మతి ఉందనడానికీ వీలులేదు. ధనమిచ్చి కన్యను గ్రహించడాన్ని మనుస్మృతి ఆసుర వివాహంగా పేర్కొంది. కూతురికి శుల్కం తీసుకొనే తండ్రి సంతానాన్ని అమ్ముకొన్నవాడవుతాడన్నది. వేదాధ్యయనాన్ని సూచించే అవధాని బిరుదు గలవారే ఈ క్రయవిక్రయాలకు పాల్పడటం నాటకంలోని మొదటి వ్యంగ్యం. అగ్నిహోత్రావధానులు, లుబ్ధావధానులు అన్న పేర్లలోనే అది ధ్వనిస్తుంది.

లేని పిల్ల, ఉన్న నేరం

సుబ్బి పెళ్లిని తప్పించడానికి ఆమె మేనమామ కరటకశాస్త్రి పన్నిన ఉపాయం ఆనాటి రంగస్థల సంప్రదాయంపై ఆధారపడింది. అప్పటి నాటకాల్లో స్త్రీ పాత్రలను మగపిల్లలే ధరించేవారు. స్త్రీ వేషాలు వేసే తన శిష్యుణ్ణే అతడు పెళ్లికూతురిగా లుబ్ధావధానులకు అంటగడతాడు. కరటకుడన్న పేరు పంచతంత్రంలోని నక్కను గుర్తుచేస్తుంది. శిష్యుడు వేషం తీసి మాయమవగానే లుబ్ధావధానులపై హత్యాభియోగం వస్తుంది.

నాటకంలోని హాస్యానికి చారిత్రక కేంద్రం ఇక్కడే ఉంది. 1891 నాటి సమ్మతి వయోపరిమితి చట్టం వయస్సును పది నుంచి పన్నెండేళ్లకు పెంచిందే తప్ప బాల్య వివాహాన్ని నిషేధించలేదు. నిజంగా ఉన్న పసిపిల్లను కొనడం పోలీసులకు పట్టలేదు. అసలు లేని పిల్ల హత్యకు మాత్రం దర్యాప్తు, సాక్షులు, వకీళ్లు సిద్ధమయ్యారు. లుబ్ధావధానులు చేయని నేరానికి భయపడతాడు. చేసినదానికి భయపడవలసిన అవసరం అతనికి రాలేదు.

సంస్కరణ భాష

1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం, 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం గిరీశానికి ఆదర్శాలు కావు. బుచ్చమ్మను లోబరచుకొనే మాటల సరంజామా. 1885లో ఏర్పడిన కాంగ్రెసు గురించి అతడు బండివాడికి రెండు గంటలు ఉపన్యసిస్తే, తమ ఊరి హెడ్ కానిస్టేబులు బదిలీ ఎప్పుడని బండివాడు అడుగుతాడు. ఆ ప్రశ్న బండివాడి అజ్ఞానం కంటె ఉపన్యాసకుని డొల్లతనాన్నే ఎక్కువగా బయటపెడుతుంది. గ్రామీణుడికి ప్రభుత్వమంటే ఆ హెడ్ కానిస్టేబులే.

వేశ్యల నాట్యానికి వ్యతిరేకంగా 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికి, గవర్నరుకు విజ్ఞాపన సమర్పించారు. ఆ ఉద్యమ నియమాన్ని పాటించే సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి పురుషవేషంలోనే రాగలిగింది. కేసులోని చిక్కుముడిని విప్పే నిజం ఆమె దగ్గరే ఉంది. ఆయన నియమానికి కట్టుబడితే నిర్దోషికి శిక్ష తప్పదు. గిరీశం సంస్కరణ బూటకమని నాటకం తేల్చింది. సౌజన్యారావు చిత్తశుద్ధిని శంకించకుండానే దాని పరిమితిని చూపింది.

ముగింపు

నాటకాంతంలో బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపడం కూడా ఆనాటి చరిత్రకు చెందినదే. పండిత రమాబాయి శారదాసదనం 1890లో ఆ నగరానికి తరలింది. కార్వే 1896లో అక్కడే వితంతువుల కోసం సంస్థ స్థాపించారు. ఆ పరిష్కారం గిరీశం ఎత్తును చిత్తుచేసింది గాని, 1034 వివాహాల జాబితాలోని పిల్లలకు ఆసరా కాలేదు. ఉత్తుత్తి పెళ్లికూతురు కాపాడగలిగింది ఒక్క సుబ్బినే. అందువల్ల కన్యాశుల్కంలోని చారిత్రక ప్రస్తావనలను సంస్కరణోద్యమ విజయానికి సాక్ష్యాలుగా గాక, ఆ ఉద్యమానికీ చట్టానికీ గురజాడ పెట్టిన పరీక్షగా గ్రహించడం సముచితం.