సాంద్రతతో కొలతల మార్పిడి

ఒక పదార్థం ఎన్ని లీటర్లుందో తెలిస్తే దాని తూకాన్ని, తూకం తెలిస్తే లీటర్లను లెక్కగట్టే పద్ధతి ఇది. లీటర్లను సాంద్రతతో, అంటే లీటరుకు ఎన్ని కిలోలన్న అంకెతో, గుణిస్తే కిలోలు, కిలోలను సాంద్రతతో భాగిస్తే లీటర్లు. లీటరు వంటనూనె ప్యాకెట్టు మీద 910 గ్రాములని అచ్చువేసేది ఈ లెక్క ప్రకారమే.

తెలుగునాట ధాన్యాన్ని కొలిచేవారు, బెల్లాన్ని తూచేవారు. సోల, తవ్వ, మానిక, కుంచం, తూము, పుట్టి కొలపాత్రల వరస. తులం, వీశె, మణుగు, బారువ తూకాల వరస. రెంటినీ కలిపే అంకె ఒక్కటే ఉండే వీలు లేదు. అదే కుంచంలో వడ్లు పోస్తే ఒక తూకం, బియ్యం పోస్తే అంతకంటే ఎక్కువ తూకం.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఆర్కిమెడీస్ కిరీటంలోని బంగారాన్ని పరీక్షించిన కథ అందరికీ తెలిసిందే. సాంద్రతలకు నికరమైన అంకెలు మాత్రం చాలా తర్వాత వచ్చాయి. 11వ శతాబ్దంలో అల్‌బిరూనీ నీరు నిండిన పాత్రలో లోహాలను, రత్నాలను వేసి, పొర్లిన నీటిని తూచాడు. 1121లో అల్‌ఖాజినీ తన తులాదండ గ్రంథంలో అలాంటి పట్టికలను పొందుపరిచాడు.

నీటికి ఈ చరిత్రలో పెద్దపీట వేసింది ఫ్రాన్సు. 1795 ఏప్రిల్ 7 నాటి చట్టం ఘన సెంటీమీటరు శుద్ధజలం బరువునే గ్రాము అంది. మంచు కరిగే ఉష్ణోగ్రతను మొదట ప్రమాణంగా తీసుకున్నారు. నీరు అత్యంత సాంద్రంగా ఉండేది 4 డిగ్రీల దగ్గర కాబట్టి, 1799లో ప్లాటినం కిలోగ్రామును తయారుచేసేటప్పుడు దానికి మారారు. ఆనాటి పరికరాలతో ఎంత నిష్ఠగా కొలిచారంటే, తప్పు కిలోకు 28 మిల్లీగ్రాములే. ఆ చిన్న తేడానే తర్వాత చిక్కు తెచ్చింది. 1901లో లీటరును కిలో నీరు పట్టే చోటుగా నిర్వచించడంతో, అది ఘన డెసిమీటరు కంటే వెంట్రుకవాసి పెద్దదయింది. 1964లో ఆ నిర్వచనాన్ని రద్దుచేసి రెంటినీ ఒకటి చేశారు. లీటరుకు కిలో అన్నది ఇప్పుడు నిర్వచనం కాదు, నీటికి మాత్రమే దాదాపుగా సరిపోయే లెక్క.

సాంద్రతను చెప్పే అంకెకు ప్రమాణం కూడా తోడుండాలి. అది చూసుకోకపోతే ఏమవుతుందో 1983 జులై 23న కెనడాలో తెలిసింది. ఎయిర్ కెనడా బోయింగ్ 767కు 22,300 కిలోల ఇంధనం కావాలి. ఇంధనం మీటర్లు పనిచేయక, సిబ్బంది ట్యాంకుల్లో పుల్లలతో కొలిచి 7,682 లీటర్లున్నాయని తేల్చారు. దాన్ని 1.77తో గుణించారు. అది లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. కిలోలకైతే దాదాపు 0.8 వాడాలి. దాంతో 13,597 కిలోలున్నాయనుకుని 4,916 లీటర్లే నింపించారు. నింపాల్సింది 20,088 లీటర్లు.

41,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం అయిపోవడంతో ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్, సహ పైలట్ మారిస్ క్వింటల్ విమానాన్ని గాలిలో తేలించుకుంటూ తెచ్చి గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించారు. విమానంలో ఉన్న 69 మందీ బతికారు. మరమ్మతు చేశాక ఆ విమానం 2008 దాకా ఎగిరింది.