ద్వారక నుంచి కాలయంత్రం దాకా

తెలుగు తెరపై కనిపించే వింత వాహనాల మూలాన్ని హాలీవుడ్‌లోనే వెతుకుతాం. నిజానికి ముందుగా చూడాల్సింది మద్రాసు స్టూడియోలనే. 1957లో 'మాయాబజార్' కోసం ద్వారకను చిట్టి ఇళ్లతో నమూనాగా కట్టారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా దాన్ని మహానగరమని నమ్మించింది. కొలత ఎంత తగ్గినా నిష్పత్తి చెడకూడదు, వెలుగు తప్పకూడదు. అంతరిక్ష నౌకల నమూనాలు చేసేవారికీ ఇదే పరీక్ష.

1991 నాటి 'ఆదిత్య 369' కాలయంత్రం ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన నవలకు రుణపడింది కదా అనవచ్చు. ఊహ వరకూ నిజమే. అయితే దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు ఆ యంత్రాన్ని నడిపించింది శ్రీకృష్ణదేవరాయల కాలానికి. ప్రేక్షకుణ్ణి నమ్మించే భారం యంత్రంతో పాటు అది చేరిన కొలువుపైనా పడింది. ఆ కొలువును నిలబెట్టింది పౌరాణికాల్లో పండిన విద్యే.