నవజాత శిశువుల్లో ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ల నివారణ

ఆసుపత్రిలో ఉండగా శిశువుకు కొత్తగా సోకే ఇన్‌ఫెక్షన్లను అరికట్టే పద్ధతులు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు చర్మం పలుచన, రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి ముప్పు ఎక్కువ.

వ్యాప్తి: నర్సులు, నీరు, పరికరాలు చాలని వార్డుల్లో ఒకే వార్మర్‌ (బిడ్డను వెచ్చగా ఉంచే పరికరం) పై ఇద్దరిని పడుకోబెట్టడం, ఒకే సెలైన్ సీసా నుంచి పలువురికి ఎక్కించడం, ఆక్సిజన్ హ్యుమిడిఫైయర్‌లో నీరు మార్చకపోవడం ప్రధాన మార్గాలు. 2011–14లో ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనంలో సెప్సిస్‌కు (ప్రాణాంతకం కాగల తీవ్ర ఇన్‌ఫెక్షన్‌కు) ఎక్కువగా కారణమైనవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలు. వీటిలో చాలావాటిపై పలు యాంటీబయాటిక్స్ పనిచేయలేదు.

నివారణ: అన్నిటికన్నా చవకైనది, ముఖ్యమైనది చేతుల శుభ్రత. వార్డులోకి వచ్చేవారు గాజులు, ఉంగరాలు, వాచీ తీసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. ఒక బిడ్డను ముట్టుకుని మరో బిడ్డ దగ్గరికి వెళ్లే ముందు ఆల్కహాల్ ద్రావణం రాసుకోవాలి. అవసరం తీరగానే క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించేందుకు రక్తనాళంలో పెట్టే సన్నని గొట్టం) తీసేయాలి. రుజువు లేకుండా యాంటీబయాటిక్స్ కొనసాగించకూడదు.

తల్లి పాత్ర: తల్లిపాలు రక్షణనిస్తాయి. ఇంక్యుబేటర్ల కొరత, ఇన్‌ఫెక్షన్ల నేపథ్యంలో 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా కంగారూ సంరక్షణను, అంటే బిడ్డను తల్లి గుండెలకు హత్తుకుని ఉంచే పద్ధతిని ప్రారంభించారు. బిడ్డ స్థిమితపడే వరకు ఆగకుండా పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెడితే తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో మరణాలు 25 శాతం తగ్గుతాయని, భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. సెప్సిస్ అనుమానిత కేసులూ తగ్గాయి.