పాతపట్నం దారిలో మాస్కు

బస్సు ఎక్కేవాడు ముక్కూ నోరూ కప్పుకునే ఎక్కాలన్న నిబంధన పాతపట్నానికి 2020లో కోవిడ్‌తో వచ్చింది. అంటురోగాల చట్టం ప్రయాణికుడి మీద కన్నేయడం మాత్రం అంతకు నూట ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. శ్రీకాకుళం జిల్లా కొసన ఒడిశాను ఆనుకుని ఉన్న ఊరు పాతపట్నం. పక్కనే పర్లాకిమిడి. సంతకైనా, ఆసుపత్రికైనా, చుట్టాల ఇంటికైనా సరిహద్దు దాటి వెళ్లిరావడం ఇక్కడివాళ్లకు పక్క వీధికి పోయివచ్చినట్టే. ఇలాంటి చోట రాకపోకల మీద ఏ ఆంక్ష పెట్టినా అది ముందు బస్సులకూ ఆటోలకూ తగులుతుంది.

1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది. మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం అంటురోగాల చట్టం తెచ్చింది. నాలుగైదు సెక్షన్లకు మించని ఆ చిన్న చట్టం రైల్లో వెళ్లేవాళ్లను తనిఖీ చేసే అధికారాన్నీ, అనుమానం ఉన్నవాళ్లను విడిగా ఉంచే అధికారాన్నీ సర్కారుకు ఇచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకు 'ప్లేగు పాస్‌పోర్టులు' ఇచ్చేవారు. అది చేతికి అందుకున్న మనిషి కొన్ని రోజులపాటు అధికారులకు కనబడి రావాలి. ఆ విధానం ప్రయాణికుడి ముఖం కప్పలేదు, అతన్ని ఓ కంట కనిపెట్టింది.

రైలు ఈ ప్రాంతానికి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా–పర్లాకిమిడి నేరోగేజి లైను 1900 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పటికి ఈ ప్రాంతమంతా గంజాం జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మిగిలింది. నౌపడాలో దిగితే మద్రాసు–కలకత్తా పెద్ద లైను. ఆ చిన్న బండితో మారుమూల పల్లెలకు రేవుపట్నాలతో లంకె పడింది. లంకె పడ్డాక సరుకుతోపాటు జబ్బూ వస్తుంది. 1918లో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా పాకడంలో రైళ్ల పాత్ర ఎంతో ఉందని అప్పటి శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ తన నివేదికలో రాశాడు. ఆ జ్వరానికి దేశంలో కోటికి పైగా ప్రాణాలు పోయాయి.

అంటువ్యాధికి అడ్డుగా మాస్కు వాడకం అప్పటికే మంచూరియాలో నిలదొక్కుకుంది. 1910–11లో అక్కడ ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు, పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జ్‌లో వైద్యం చదివిన వూ లియన్ తే గాజుగుడ్డ, దూది కలిపి మాస్కులు కట్టించాడు. రోగం గాలిలో వస్తుందన్న అతని మాటను నమ్మని ఫ్రెంచి వైద్యుడు మెస్నీ, మాస్కు లేకుండా రోగుల దగ్గరికి వెళ్లి అదే ప్లేగుతో చనిపోయాడు. 1918లో అమెరికాలోని సియాటెల్‌లో మాస్కు లేనివాణ్ని ట్రాము ఎక్కనివ్వలేదు. మెట్టు దగ్గర నిలబడ్డ కండక్టరు చేతిలో ఆ నిబంధన పెట్టారు. తర్వాత వందేళ్లకు ఆంధ్రలో జరిగిందీ దాదాపు అదే.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజుతో ప్రయాణికుల రైళ్లు ఆగాయి, ఆర్టీసీ బస్సులూ ఆగాయి. ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కు చాలునని ఏప్రిల్ మొదట్లో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ బహిరంగ ప్రదేశాల్లో, పనిచేసే చోట్ల మాస్కును తప్పనిసరి చేసింది. ఈ లోగా రాష్ట్రంలోని మిగతా జిల్లాలన్నిటిలో కేసులు వచ్చినా శ్రీకాకుళం, విజయనగరం మాత్రం ఖాళీగానే ఉన్నాయి. శ్రీకాకుళం లెక్క ఏప్రిల్ 25న తెరుచుకుంది. జిల్లాలో మొదటి మూడు కేసులు పాతపట్నం మండలంలోనే బయటపడ్డాయి. వాటి మూలం ఢిల్లీ నుంచి వచ్చిన ప్రయాణంలో ఉందని వార్తలు వచ్చాయి. అంతదాకా మాస్కును టీవీలో చూసే వస్తువుగా అనుకున్న మండలం ఒక్క పూటలో కంటైన్‌మెంట్ ప్రాంతమైంది. విజయనగరం మే మొదటి వారం దాకా నిలిచింది.

వలసలు ఎక్కువగా ఉన్న ఈ జిల్లాలకు అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకున్న ఉత్తరాంధ్ర మత్స్యకారులు, నాలుగు వేల మందికి పైగా, బస్సుల మీద దేశం అడ్డంగా దాటి వచ్చారు. మే నుంచి శ్రామిక్ రైళ్లూ నడిచాయి. ఊపిరి తగిలేంత దగ్గరగా రోజుల తరబడి కూర్చున్న ఆ ప్రయాణాల్లో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న అడ్డు ఒక్క గుడ్డే.

మే 21న జిల్లాల మధ్య ఆర్టీసీ బస్సులు మళ్లీ కదిలాయి. సీటు విడిచి సీటు, మాస్కు ఉంటేనే టికెట్. మొదట్లో టికెట్లు బస్టాండులోనే కొట్టి ఇచ్చేవారు, బస్సులో కండక్టరు తిరగడం తప్పించడానికి. బస్టాండులో తనిఖీ ఉన్నంతసేపు అందరి ముఖాలూ కప్పే ఉండేవి. ఊరు దాటాక కిటికీ పక్క మనిషి మాస్కు గడ్డం కిందికి జారేది, ఫోను మోగితే మరీను. నిబంధన బలం దాన్ని అడిగేవాడు ఉన్నచోటే తెలుస్తుంది. సర్వీసు ఆటోలో అడిగేవాడు లేడు. డ్రైవరుకి పక్కన ఇంకో మనిషి ఎక్కితేనే గిట్టుబాటు. కిటికీలు తెరిచి నడిచే పల్లెవెలుగు బస్సులో, నాలుగు పక్కలా గాలి తగిలే ఆటోలో ముప్పు కాస్త తక్కువేనన్నది నిజమే. ఆ మాట అద్దాలు బిగించిన ఏసీ బస్సుకు వర్తించదు.

మాస్కుల సరఫరా మరో కథ. ప్రతి మనిషికీ మూడు చొప్పున పదహారు కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో నిర్ణయించి, కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించింది. పనులు ఆగిన ఆ నెలల్లో కుట్టు మిషను ఉన్న ఇంటికి అది నాలుగు డబ్బులు తెచ్చింది. పెద్దవాళ్లు మాత్రం తువ్వాలునే ఎక్కువ నమ్ముకున్నారు. ఎండకు తలకు చుట్టే గుడ్డ, చెమటకు తుడుచుకునే గుడ్డ బస్సు రాగానే ముక్కు మీదికి వచ్చేది. ఆడవాళ్లకు పైట కొంగు ఉండనే ఉంది. అడ్డచుట్ట అలవాటున్న ముసలమ్మలకు మూతిని మూసి ఉంచే ఏ గుడ్డా నచ్చేది కాదు, అది వేరే సంగతి.

సరిహద్దు ఊరికి రెండు రాష్ట్రాల రూల్సు. ఒడిశా 2020 ఏప్రిల్ 9 నుంచే మాస్కు తప్పనిసరి చేసి, మొదటి మూడుసార్లు పట్టుబడితే 200 రూపాయలు, ఆపైన 500 అంది. ఆంధ్రలో 2022 జనవరి నాటి ఉత్తర్వులో జరిమానా 100. రెండో దశ ఉధృతిలో, 2021 ఏప్రిల్ 17న, రైళ్లలోనూ స్టేషన్లలోనూ మాస్కు లేకపోతే 500 దాకా జరిమానా అని రైల్వే ప్రకటించింది. అందుకు వాడినవి ఉమ్మి వేయడం, చెత్త పడేయడం లాంటి వాటి కోసం 2012లో చేసిన పరిశుభ్రత నియమాలు. ముఖం కప్పుకోకపోవడం చట్టం కళ్లకు ప్లాట్‌ఫారం మీద ఉమ్మడంతో సమానమైంది.

ఎవరూ డప్పు కొట్టి ఈ ఆంక్షలను ఎత్తేయలేదు. విపత్తు నిర్వహణ చట్టం కింద పెట్టిన కట్టడిని కేంద్రం 2022 మార్చి నెలాఖరుతో ముగించింది, మాస్కు సలహాగా మిగిలింది. విమానాల్లో అదే ఏడాది నవంబరులో తప్పనిసరి పోయింది. బస్సుల్లో అంతకు ముందే అడగడం మానేశారు. 1897 నాటి అంటురోగాల చట్టం మాత్రం పోలేదు. 2020 ఏప్రిల్ 22న, పాతపట్నం కేసులకు మూడు రోజుల ముందు, దాన్ని ఆర్డినెన్సుతో సవరించారు. కేంద్రానికి అంతదాకా రేవుల్లో ఓడల తనిఖీకే ఉన్న అధికారం అప్పటి నుంచి బస్సులకూ రైళ్లకూ సరుకు బండ్లకూ విమానాలకూ విస్తరించింది.