తుపాకీ పట్టీకి కొక్కెం

మొన్న మా అన్నయ్య కూతురు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "అత్తా, నా తుపాకీ పట్టీకి ఏ కొక్కెం కొనుక్కోమంటావు?" అని అడిగింది. అప్పుడు నేను చారులో పోపు వేస్తున్నాను. మేనకోడలు ఫోన్ చేసిందంటే చీర మీదికి ఏ జాకెట్టు నప్పుతుందనో, ఆవకాయలో కారం ఎంతెయ్యాలనో అడుగుతుందనుకుంటాం. మా పిల్ల రైఫిల్ క్లబ్బులో చేరింది. నేల మీద బోర్లా పడుకుని, 50 మీటర్ల అవతల వున్న కాగితాన్ని పాయింట్ ట్వంటీటూ రైఫిలుతో కాలుస్తోంది. నేను కాలేజీలో ఎన్.సి.సి. చేశానని వాళ్ళ నాన్న చెప్పాడట. ఇంకేం, ఆయుధ విద్యలో నేను ద్రోణాచార్యుల వారి చెల్లెలినని దాని నమ్మకం!

"రాత్రికి చెబుతాలే" అని పెట్టేశాను. పోపు మాడిపోయింది. దాని ప్రశ్న వినగానే నాకు డిగ్రీ రెండో ఏడు గుర్తుకొచ్చింది మరి.

పది రోజుల క్యాంపది. మా చేతికి వచ్చినవి త్రీనాట్‌త్రీ రైఫిళ్ళు. ఒక్కొక్కటీ నాలుగు కిలోల పైమాటే. దానికి ముందువైపు గొట్టం కింద ఒకటి, వెనక కర్ర కింద ఒకటి, రెండు ఇనప కడియాలుంటాయి. అటూ ఇటూ తిరుగుతాయి గనక వాటిని స్వివెల్స్ అంటారు. నేత పట్టీ కొసని కడియంలో దూర్చి, వెనక్కి మడిచి, కొసనున్న ఇత్తడి వంపులోకి పట్టీని పూర్తిగా తొడగాలి. తొడిగాక రెండుసార్లు గట్టిగా గుంజి చూడాలి. మా ఉస్తాద్ (హవల్దారుగారిని అలాగే పిలిచేవాళ్ళం) రోజూ ఇదే పాట. గుంజారా? గుంజారా? ఆ పొద్దున టీ చల్లారిపోతోందని నేను గుంజలేదు. వరసలో నిలబడి రైఫిలు భుజానికి తగిలించుకోబోతే పట్టీ ఊడొచ్చింది. రైఫిలు వెళ్ళి పక్కనున్న అమ్మాయి పాదం మీద పడింది. ఖాళీ రైఫిలే గానీ, ఆ బరువుకి బొటనవేలి ఎముక విరిగింది. ఆమె కబడ్డీ బాగా ఆడేది. ఆ ఏడు ఆడలేదు.

ఏమయిందని అడిగిన వాళ్ళందరికీ పట్టీ పాతదని చెప్పాను.

సరే, రాత్రికి పిల్లకి జవాబు చెప్పాలి గదా. ఉన్న పుస్తకాలన్నీ ముందేసుకున్నాను. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్నే. యుద్ధాలు, సంధులు, వాటి తేదీలు బట్టీ పట్టాం గానీ, సైనికుడు ఆ తుపాకీని రోజంతా ఎలా మోసేవాడో ఎవరు చెప్పారు మనకి?

17వ శతాబ్దంలో యూరపు సైన్యాల్లో గ్రెనేడియర్లని ఒక జట్టు వచ్చింది. వాళ్ళ పని చేతిబాంబులు విసరడం. ఒక చేత్తో బాంబు, ఇంకో చేత్తో దాని వత్తి ముట్టించడానికి నిప్పు. మరి తుపాకీ? వీపున వేసుకోవాల్సిందే. అలా పట్టీ అవసరమైపడింది. పట్టీ తల మీంచి తీసేటప్పుడు వెడల్పు అంచు టోపీ అడ్డొస్తుందని వాళ్ళు అంచులేని పొడుగు టోపీలకి మారారంటారు. చంకన పిల్లని వేసుకుని రెండు చేతులా పని చేసుకునే తల్లి ఉపాయమే ఇది, కాకపోతే వాళ్ళ చరిత్ర రాశారు.

ఆ తర్వాతి శతాబ్దంలో బ్రౌన్ బెస్ అనే తుపాకీ వచ్చింది. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మన సర్కారు జిల్లాల్లో మోసుకు తిరిగింది ఈ రకమే. దాని ముందు కడియాన్ని పట్టి వుంచే మర, కర్రలోకి ఈ పక్కనుంచి ఆ పక్కకి అడ్డంగా పోతుంది. పట్టీ ఎంత లాగినా ఆ మర ఊడి బయటికి రాదు, కర్రే చీలాలి. కింద నుంచి గుచ్చిన మరకయితే కొండంత బరువూ ఆ నాలుగు పురుల మీదే. కర్ర నానినా, పుచ్చినా ఊడి చేతికొస్తుంది. గోడకి మేకు కొట్టి ఫోటో తగిలించిన ఏ ఇల్లాలికయినా ఈ సంగతి తెలుసు.

అసలు కష్టం గుర్రం మీద వాడిది. కాలిబంటయితే తుపాకీ కింద పెట్టగలడు. రౌతు ఒక చేత్తో కళ్ళెం పట్టుకోవాలి, రెండో చేత్తో కత్తి దూయాలి. వాడికిచ్చే పొట్టి తుపాకీని కార్బైన్ అంటారు. 1861 నుంచి 1865 దాకా జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో రౌతులు వెడల్పాటి తోలు పటకాని జందెంలాగ ఎడమ భుజం మీంచి వేసుకునేవారు. దానికి ఒక ఉక్కు కొక్కెం వేలాడేది. కార్బైను పక్కనున్న ఉంగరాన్ని అందులో తగిలించడమే. కొక్కేనికి స్ప్రింగు నాలుక ఒకటి. నొక్కితే లోపలికి పోతుంది, వదిలితే తనంతట తనే మూసుకుంటుంది. కాల్చడానికి తుపాకీ ఎత్తవచ్చు, వదిలేసి కత్తి దూయవచ్చు, తుపాకీ మాత్రం ఒంటినే వుంటుంది. బరువంతా కొక్కెం వంపు మీదే పడాలి సుమండీ, నాలుక మీద పడకూడదు. నాలుక తలుపు లాంటిది. తలుపుకి ఆనుకుని ఎవరయినా నిద్రపోతారా?

జర్మన్ భాషలో కార్బైన్‌ని కరాబినర్ అంటారు. దాని కొక్కెం కరాబినర్‌హాకెన్. మంటలార్పే దళాల వాళ్ళు అలాంటి కొక్కేలు నడుముకి కట్టుకోవడం చూసి, 1910 ప్రాంతంలో మ్యూనిక్ వాడైన ఆటో హెర్జోగ్ అనే కొండలెక్కే ఆయన వాటిని తాళ్ళకి వాడడం మొదలుపెట్టాడంటారు. ఈనాటికీ కొండలెక్కేవాళ్ళు దాన్ని కారబీనర్ అనే పిలుస్తారు. తుపాకీ పోయింది, పేరు మిగిలింది.

ఇక్కడికొచ్చేసరికి నేను పుస్తకం మూసి కాసేపు కూచున్నాను. 2014 మే 25న, మన రాష్ట్రం రెండు కావడానికి వారం ముందు, నిజామాబాదు జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి గుట్ట మీద తాళ్ళతో తర్ఫీదయిన పిల్ల అది. ఎవరెస్టు మీద ముందే కట్టిన తాళ్ళుంటాయి. నడుము పటకాకీ ఆ తాడుకీ మధ్య వుండేది ఈ కొక్కెమే. తాడు మారే ప్రతి చోటా ఒక కొక్కెం తీసి అవతల తగిలించేదాకా రెండోది తీయకూడదు. చేతులకి లావుపాటి తొడుగులు, ఊపిరాడని గాలి. అక్కడ ఆ పదమూడేళ్ళ పిల్ల ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు తగిలించి వుంటుందో! నేను వేడి వేడి టీ కోసం ఒక్కసారి గుంజలేదు.

కొక్కెం అంటే గుర్తొచ్చింది. మన పిన్నీసుకి పేటెంటు తీసుకున్న వాల్టర్ హంట్ అనే అమెరికా ఆయన, అదే 1849లో గుళ్ళు వరసగా పేల్చే ఒక రైఫిలుకి కూడా పేటెంటు తీసుకున్నాడు. పిన్నీసు హక్కుల్ని 400 డాలర్లకి అమ్ముకున్నాడట పాపం. స్ప్రింగు నెడుతూ వుంటుంది, మూత పట్టి వుంచుతుంది. కొంగు భుజాన నిలిచేది దానివల్లే.

పట్టీ మోతకే కాదు, గురికి కూడా పనికొస్తుంది. దాన్ని ఎడమ దండకి బిగించుకుంటే తుపాకీ వణకదు. అమెరికా సైన్యం 1907లో తెచ్చిన తోలు పట్టీకి రెండు పళ్ళున్న ఇత్తడి కొక్కేలుండేవి. ఆ పళ్ళు తోలుకున్న బెజ్జాల్లో దిగుతాయి. చూడ్డానికి ఎంత అందమో! రెండో ప్రపంచ యుద్ధంలో ఇత్తడి పొదుపు చెయ్యాలని ఉక్కువి చేశారు, ఆపైన తోలు బదులు నేత పట్టీ కూడా తెచ్చారు.

అయితే కొక్కెం గట్టిగా వుంటే చాలా? వాయవ్య సరిహద్దులో రాత్రిళ్ళు రైఫిలు దొంగలు గుడారాల్లో దూరేవారు. సిపాయిలు రైఫిలుని గొలుసుతో ఒంటికి కట్టుకుని పడుకునేవారు. అక్కడ కొక్కెం సుళువుగా ఊడకపోవడమే మేలు. 1960ల్లో వియత్నాం అడవుల్లో అమెరికా సైనికులది ఇంకో బాధ. నడుస్తుంటే కడియాలు గలగలమంటాయి, ఆ చప్పుడుకి ప్రాణం పోతుంది. వాటికి టేపు చుట్టేవాళ్ళు, కొందరయితే ఊడబీకి పారేసేవాళ్ళు. ఉయ్యాల్లో పిల్ల లేస్తుందని కాలి పట్టీలు తీసి నడిచిన వాళ్ళం, మనకి కొత్త కాదు.

రాత్రి ఫోన్ చేశాను. పిల్ల మూడు రకాల బొమ్మలు పంపింది. ఒకటి, బొత్తాం నొక్కగానే ఊడొచ్చేది. రెండోది స్ప్రింగు శీల, దాని మీద బిగించే మర మూత. మూడోది, రైఫిలు కింద వుండే గాడిలో జారించి తాళంచెవిలాంటి దానితో బిగించే హ్యాండ్ స్టాప్. దానికే పట్టీ కడియం వుంటుంది.

"మొదటిది భలే వుంది కదా అత్తా, టిక్కుమని వచ్చేస్తుంది" అంది.

"టిక్కుమని రావడం నీకెందుకే? నువ్వేమన్నా గుర్రం దిగుతున్నావా?" అన్నాను. బోర్లా పడుకుని కాల్చేవాళ్ళకి పట్టీ వరసగా ఒకే వైపు లాగుతుంది. అది గింజంత జారినా గురి పోతుంది. కనక మూడోది తీసుకో అన్నాను. మీ క్లబ్బు రైఫిలు గాడికి సరిగా కూచుంటుందో లేదో కోచ్‌గారికి ముందు చూపించు. రేకు వంచి చేసింది వద్దు, కడియం అతుకు దగ్గర సందుంటే వద్దు. వేలితో తిప్పితే తిరగాలి, ఊపితే గలగలలాడకూడదు. బిగించాక, తుపాకీ ఖాళీగా వుందని చూసుకుని, కాల్చేటప్పుడు లాగే వైపుకే పదిసార్లు గుంజు. మా అమ్మమ్మ నానుతాడు కొనేటప్పుడు తూకం తర్వాత చూసేది. ముందు రెండు కొసలూ పట్టుకుని ఒక్క గుంజు గుంజేది. కొట్టువాడికి గుండె ఆగినంత పనయ్యేది.

పిల్ల నవ్వి, "నువ్వెప్పుడయినా గుంజకుండా వదిలేశావా?" అని అడిగింది.

చెప్పాను. అంతా చెప్పాను.

కాసేపు మాటాడలేదు. తర్వాత, "ఆవిడకి తెలుసా?" అంది.

తెలియదు. ఆమె ఇప్పుడొక ఊళ్ళో టీచరు. సంక్రాంతికీ ఉగాదికీ పలకరించుకుంటాం. వాళ్ళింటికి ఈ పత్రిక వస్తుంది. పట్టీ పాతది కాదు, నిక్షేపంలాంటిది. నేనే సగం తొడిగాను.

పిల్ల ఆదివారం వస్తానంది. కొన్నది వెంట తెమ్మన్నాను, నేనోసారి గుంజి చూస్తాను.